ఏ స్థితిలో ఏ ఘటన? – చిన్న కంప్యూటర్లకు ఒక చట్రం

కంప్యూటరు అనగానే మన కన్నుల ముందు తెర, కీబోర్డు మెదలుతాయి. నిజానికి మన ఇళ్ళలో ఆ రెండూ లేని కంప్యూటర్లే ఎక్కువ. మైక్రోవేవ్ ఓవెను, బట్టలుతికే యంత్రం, గరాజు తలుపు, కారు బ్రేకులు – వీటన్నిటిలోను వేలిగోరంత చిప్పు ఒకటి కూర్చుని నిర్ణయాలు తీసుకొంటూ ఉంటుంది. గణించే భాగం, జ్ఞాపకం, బయటి తీగలతో మాట్లాడే ద్వారాలు అన్నీ ఒకే చిప్పులో ఇమిడి ఉన్న ఈ కంప్యూటరు పేరు మైక్రోకంట్రోలర్.

2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో ఆర్డుయినో పుట్టిన తరువాత, ఈ చిప్పులు అమర్చిన బోర్డులు బడిపిల్లల చేతికి కూడా అందాయి. ఊనో ఆర్3 అనే బోర్డు మీది చిప్పులో ప్రోగ్రాము దాచుకొనడానికి 32 కిలోబైట్లు, పని చేసుకొనడానికి 2 కిలోబైట్లు మాత్రమే ఉంటాయి. 2021లో 4 డాలర్లకు విడుదలైన రాస్ప్‌బెర్రీ పై పీకోలో పని చేసుకొనే చోటు 264 కిలోబైట్లు. మొదటి పాఠంగా పిల్లలు ఒక దీపాన్ని వెలిగించి ఆర్పుతారు. అది సులభం. అదే బోర్డు ఒకేసారి నాలుగు సంగతులు గమనించవలసి వచ్చినప్పుడు చిక్కు మొదలవుతుంది. ఆ చిక్కును విప్పే పద్ధతే ఈ వ్యాసవిషయం.

బోరుబావి చెప్పే పాఠం

ఉదాహరణకు మన పల్లెల్లోని బోరుబావి మోటారును తీసుకొందాం. త్రీఫేజ్ కరెంటు రోజుకు కొన్ని గంటలే వచ్చే కాలంలో, అది ఏ అర్ధరాత్రి వచ్చినా మోటారు తనంత తానే మొదలయ్యేటట్లు రైతులు ఆటోస్టార్టరు అనే పరికరాన్ని తగిలించుకొనేవారు. చీకటిదారి, పాముల భయం, తడిచేతులతో స్విచ్చి ముట్టుకొనవలసిన ప్రమాదం తప్పాయి. కాని కరెంటు వస్తే మోటారును ఆడించడం తప్ప దానికి మరేమీ తెలియదు. కరెంటు రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మరు కింది మోటార్లన్నీ ఒక్కుమ్మడిగా లేచి దాని మీద భారం మోపుతాయి; అవసరం తీరినా నీరు పోతూనే ఉంటుంది. 2018 జనవరి 1న తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల విద్యుత్తు మొదలైనప్పుడు, భూగర్భజలం అడుగంటిపోకుండా ఆటోస్టార్టర్లను తొలగించమని ప్రభుత్వమే రైతులను కోరింది.

ఆ పరికరం స్థానంలో కొంచెం తెలివైన దానిని ఊహిద్దాం. మూడు ఫేజులూ వచ్చిన తరువాత రెండు నిమిషాలు ఆగి మోటారును నడపాలి. పక్క పొలంలోని పరికరానికి మరొక గడువు పెడితే అన్నీ ఒకేసారి లేవవు. నడుస్తుండగా ఏ ఒక్క ఫేజు పోయినా వెంటనే ఆపాలి. లేకుంటే మోటారు చుట్ట కాలిపోతుంది. నీరు అడుగంటితే ఆపి, బోరులో ఊట ఊరడానికి ఒక గంట విరామం ఇవ్వాలి. రైతు ‘నడుపు’ అంటే నడపాలి, ‘ఆపు’ అంటే ఆపాలి.

కొత్తగా నేర్చుకొన్నవారు దీనిని వంటల పుస్తకంలా వ్రాస్తారు: ఫేజులు చూడు, రెండు నిమిషాలు ఆగు, మోటారు వెయ్యి. ఆర్డుయినోలో ‘డిలే’ అనే ఆజ్ఞతో ఆగమంటే మన ప్రోగ్రాము ఆ రెండు నిమిషాలూ మరే పనీ చేయదు. ఆ మధ్యలో రైతు ‘ఆపు’ మీట నొక్కితే వినిపించుకొనే నాథుడు ఉండడు. దీనికి విరుగుడుగా చాలామంది ‘కరెంటు ఉందా’, ‘ఆగుతున్నామా’, ‘నీరు ఉందా’ అని అవును–కాదు గుర్తులు పెట్టుకొంటూ పోతారు. అటువంటివి పది చేరితే 1,024 కలయికలు ఏర్పడతాయి. వాటిలో ఏవి సాధ్యమో, ఏవి ప్రమాదమో వ్రాసినవారికే తెలియకుండా పోతుంది.

స్థితి, ఘటన

ఇంతకంటె మంచి మార్గం ఉంది. యంత్రం ఏ క్షణంలోనైనా కొన్ని స్థితులలో ఒకే ఒక్క దానిలో ఉంటుందని నియమం పెట్టుకొందాం. బయట జరిగే ప్రతి మార్పునూ ఘటన అందాం. ‘ఈ స్థితిలో ఈ ఘటన జరిగితే ఏమి చేయాలి? ఏ స్థితికి వెళ్ళాలి?’ అన్న ప్రశ్నకు సమాధానాల సముదాయమే స్థితియంత్రం. బెల్ ప్రయోగశాలల్లో పనిచేసిన జార్జ్ మీలీ 1955లోను, ఎడ్వర్డ్ మూర్ 1956లోను దీనికి గణితరూపం ఇచ్చారు.

మన పరికరానికి నాలుగు స్థితులు తోస్తాయి: ‘కరెంటు లేదు’, ‘ఎదురుచూపు’, ‘నడక’, ‘విశ్రాంతి’. ఘటనలు ఆరు: మూడు ఫేజులూ వచ్చాయి, ఏదో ఒక ఫేజు పోయింది, గడువు ముగిసింది, నీరు అడుగంటింది, ‘నడుపు’, ‘ఆపు’. కాగితం మీద అడ్డంగా ఘటనలు, నిలువుగా స్థితులు వ్రాసి గీతలు గీస్తే 24 గళ్ళు వస్తాయి. ఒక్క గడి కూడా ఖాళీగా వదలకుండా నింపాలి. ఏమీ చేయనక్కరలేకపోతే ‘ఉపేక్షించు’ అని వ్రాయాలి.

ఈ గళ్ళు నింపేటప్పుడే అసలు ప్రయోజనం బయటపడుతుంది. ‘నడక’లో ‘ఆపు’ వస్తే మోటారును ఆపి ‘విశ్రాంతి’కి వెళ్ళాలని వ్రాస్తాం. నీరు అడుగంటి ‘విశ్రాంతి’లో ఉన్నప్పుడు ‘ఆపు’ వస్తే? మోటారు ఎలాగూ ఆగి ఉంది కదా అని ‘ఉపేక్షించు’ అని వ్రాయాలనిపిస్తుంది. కాని రైతు ఎందుకు నొక్కాడు? మోటారు పైకి తీసి బాగుచేయడానికి కావచ్చును. ఊట కోసం పెట్టిన గంట గడువు లోపల నడుస్తూనే ఉంది. అది ముగియగానే, మనిషి చేతులు తీగల మీద ఉండగా, మోటారుకు కరెంటు వెళుతుంది! ‘కరెంటు లేదు’ స్థితిలో ‘ఆపు’ అన్నప్పుడూ ఇదే ప్రమాదం పొంచి ఉంది.

అంటే మనకు అయిదవ స్థితి కావాలి. దానిని ‘నిలిపివేత’ అందాం. ఎక్కడ ఉన్నా ‘ఆపు’ వస్తే ఇక్కడికి రావాలి. ‘నడుపు’ అన్న మాట తప్ప మరే ఘటనా ఇక్కడి నుండి కదిలించరాదు. ‘నడుపు’ అన్నప్పుడు కూడా ఫేజులను పరీక్షించి, పరిస్థితిని బట్టి ‘ఎదురుచూపు’కో ‘కరెంటు లేదు’కో వెళ్ళాలి. కరెంటు పోయినప్పుడు బోర్డు కూడా ఆరిపోతే ఈ సంగతి మరచిపోకూడదు గనుక, కరెంటు లేకపోయినా చెరగని ఈఈప్రామ్ అనే జ్ఞాపకంలో దానిని వ్రాసి ఉంచాలి. ఊనో ఆర్3 చిప్పులో అందుకు ఒక కిలోబైటు చోటు ఉంది.

స్థితులు పెరిగినకొద్దీ పట్టిక కూడా పెరుగుతుంది. 1980లలో ఇజ్రాయెల్‌లో లావి అనే యుద్ధవిమానపు ఎలక్ట్రానిక్ వ్యవస్థలను వర్ణించే పనిలో ఉండగా డేవిడ్ హారెల్ దీనికి ఒక ఉపాయం కనిపెట్టి, 1987లో ప్రచురించాడు. ఒక స్థితి లోపల ఉపస్థితులు ఉండవచ్చునన్నదే అది. మన ఉదాహరణలో ‘ఎదురుచూపు’, ‘నడక’, ‘విశ్రాంతి’ మూడింటినీ ‘కరెంటు ఉంది’ అనే పెద్ద స్థితిలో చేర్చితే, ‘ఫేజు పోయింది’ అన్న ఘటనకు సమాధానం మూడు చోట్ల కాక ఒక్కచోట వ్రాస్తే చాలును.

చట్రం నిర్మాణం

ఏ పరికరానికైనా మారేది పట్టికే. దానిని నడిపించే యంత్రాంగం మారదు. ఆ మారని భాగాన్నే ఫ్రేమ్‌వర్క్ అంటారు. మనం చట్రం అందాం. మిరో సామెక్ 2002లో ఒక పుస్తకం ద్వారా ప్రచారంలోకి తెచ్చిన క్యూపీ ఇటువంటి చట్రాలలో ప్రసిద్ధమైనది. చిన్న పనికి మనమే ఒకటి కట్టుకొనవచ్చును. దానికి కావలసిన అంగాలు ఇవి.

మొదటిది ఘటనల వరుస. జరిగిన ఘటనలు, తపాలాపెట్టెలో ఉత్తరాల వలె, వచ్చిన క్రమంలో ఇక్కడ చేరుతాయి. ఘటనకు రెండు బైట్ల చొప్పున 16 ఘటనలకు 32 బైట్లు చాలు. వరుస నిండిపోతే ఏమి చేయాలో ముందే నిర్ణయించుకోవాలి. గుట్టుచప్పుడు కాకుండా ఘటనను పారవేయడం మాత్రం పనికిరాదు.

రెండవది గడియారం. చిప్పులోని టైమరు 10 మిల్లీసెకన్లకు ఒకసారి తట్టిలేపుతుంది. చట్రం గడువులను లెక్కించి, తీరిన గడువును ఒక ఘటనగా వరుసలో వేస్తుంది. ఇక ఎవరూ ‘డిలే’తో ఆగనక్కరలేదు.

మూడవది ఇంటరప్ట్. మీట నొక్కినప్పుడు చిప్పు చేస్తున్న పనిని క్షణకాలం ఆపి దీనిని పలకరిస్తుంది. ఇక్కడ ఒకటే నియమం: ఘటనను వరుసలో వేసి వెంటనే తప్పుకోవాలి. నిర్ణయాలు ఇక్కడ చేయరాదు.

నాలుగవది పంపిణీదారు. వరుసలోని మొదటి ఘటనను తీసి, ప్రస్తుత స్థితికి అప్పగించి, ఆ పని పూర్తిగా ముగిసిన తరువాతనే రెండవదాన్ని తీస్తుంది. ఈ ‘ఒకటి ముగిశాకే మరొకటి’ అన్న నియమమే చట్రానికి ప్రాణం. ఒక నిర్ణయం సగంలో ఉండగా మరొక నిర్ణయం దానిలో తలదూర్చదు. గడువు ఘటన అప్పటికే వరుసలో ఉండగా ‘ఆపు’ దానికంటె ముందు అందినా భయం లేదు. ‘నిలిపివేత’ గడిలో ‘ఉపేక్షించు’ అని వ్రాసే ఉంది. వరుస ఖాళీ అయితే చిప్పు నిద్రపోతుంది, విద్యుత్తు ఆదా అవుతుంది.

చివరగా వాచ్‌డాగ్ అనే కాపలాదారు. ప్రోగ్రాము ఎక్కడైనా చిక్కుకొని నిర్ణీత సమయంలో పలకకపోతే, అది చిప్పును తిరిగి మొదటినుండి నడిపిస్తుంది.

ఎందుకింత పట్టుదల?

ఈ క్రమశిక్షణ లోపిస్తే ఏమవుతుందో థెరాక్–25 అనే రేడియేషన్ చికిత్సా యంత్రం చూపింది. 1985–87 మధ్య అమెరికా, కెనడాలలో ఆరుగురు రోగులకు అది మితిమీరిన రేడియేషన్ ఇచ్చింది. వారిలో కొందరు మరణించారు. దానిలోని అయస్కాంతాలు సర్దుకొనడానికి దాదాపు 8 సెకన్లు పట్టేది. ఆపరేటరు తాను వేసిన చికిత్సారకాన్ని ఆ 8 సెకన్లలోపే దిద్దితే, తెర మీద మార్పు కనిపించేది గాని యంత్రంలోని ఒక భాగానికి అది అందేది కాదు. వేచి ఉన్న సమయంలో వచ్చిన ఘటనకు సమాధానం లేకపోవడమే అక్కడ జరిగినది. అంతకుముందరి నమూనాలలో ఉన్న యాంత్రికమైన అడ్డుకట్టలను తొలగించి, సాఫ్ట్‌వేరునే పూర్తిగా నమ్మడం ఆపదను పెంచింది.

కనుక మన పట్టిక ఎంత చక్కగా ఉన్నా, మోటారును ముట్టుకొనే ముందు మెయిన్ ఆపి ఫ్యూజులు తీయడమనే పాత అలవాటు మానరాదు.

సెలవుల్లో పిల్లలతో ఈ ప్రయోగం చేయదలచినవారు అసలు మోటారు జోలికి పోకుండా, దానికి బదులు ఒక చిన్న దీపాన్ని, ఫేజులకు, నీటిమట్టానికి బదులు మీటలను పెట్టుకొంటే చాలును. రెండు నిమిషాల గడువును అయిదు సెకన్లు చేయండి. బోర్డును పెట్టెలోనుండి తీయకముందే కాగితం మీద పట్టిక గీయించండి. 30 గళ్ళలో ప్రతి గడికీ ‘ఎందుకు?’ అని అడగండి. కంప్యూటరు భాష ఏదైనా తరువాత నేర్చుకొనవచ్చును. జరగదులే అనుకొన్న గడిని కూడా నింపే అలవాటు మాత్రం ముందే అబ్బాలి.