ఓడిపోతాడని తెలిసీ ఎందుకు చూస్తాం?

'అల్లూరి సీతారామరాజు' సినిమా 1974 మే 1న విడుదలైంది. బ్రిటిష్ పాలన మీద తిరగబడ్డ రాజును కొయ్యూరులో కాల్చి చంపి అప్పటికి వారం తక్కువ యాభై ఏళ్లు. చివరికి ఏమవుతుందో టికెట్ కొన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. అయినా జనం విరగబడి చూశారు. ఎందుకు?

ముగింపు తెలిసిన కథలో మనసు వేరే ప్రశ్న వెంట పడుతుంది. మామూలు మనుషులు అంత పెద్ద సర్కారుకు ఎదురు తిరిగేదాకా ఎలా వచ్చారు? స్వాతంత్ర్య పోరాటాల సినిమాలకు ఆయువుపట్టు ఇదే.

రాజు పోరాడిన మన్యం అడవుల్లో ఏం జరిగిందో చూడండి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు సాగుకు అడ్డుపడింది. తాతల నాటి అడవిలోనే కొండవాళ్లు నేరస్థులయ్యారు. నర్సీపట్నం, చింతపల్లి దారి పనుల్లో వాళ్ల కూలి డబ్బులు అధికారులే మింగారు. ఈ గాయాన్ని ముందు చూపిస్తేనే తర్వాత పేలే తుపాకీకి అర్థం ఉంటుంది. గాయం చూపించని సినిమాలో మిగిలేది మోత మాత్రమే.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద దాడి. పట్టుకెళ్లిన ఆయుధాల వివరం స్టేషన్ డైరీలో రాసి మరీ రాజు సంతకం పెట్టాడు. దొంగ పేరు దాచుకుంటాడు. ఇది నా హక్కు అనుకున్నవాడు సంతకం పెడతాడు. మనల్ని కట్టిపడేసేది ఆ నిర్భయమే.

దాన్ని తెరమీదికి ఎలా తెచ్చారు? తెలుగులో ఈ సినిమాయే తొలి సినిమాస్కోప్ (వెడల్పు తెర) చిత్రం. ఆ వెడల్పులో కొండలు, అడవి నిండుగా కనిపిస్తాయి. పోరు దేనికోసమో కంటికే తెలుస్తుంది. తిరుగుబాటును అణచడానికి వచ్చిన బ్రిటిష్ అధికారి రూథర్‌ఫర్డ్‌గా జగ్గయ్య గంభీరంగా నిలబడ్డారు. ఎదుటివాడు గట్టివాడైతేనే కథానాయకుడి ధైర్యం ఎంతటిదో తెలుస్తుంది.

ఒక్క వీరుడి చుట్టూ అల్లిన కథలో పక్కవాళ్లు చిన్నబోతారు. అందుకే సినిమా చూశాక రాజు అనుచరులు గాం గంటం దొర, మల్లు దొరల గురించి కూడా చదవాలి. మల్లు దొరకు ఉరిశిక్ష పడింది, అది మారి అండమాన్ జైలుకెళ్లాడు. స్వతంత్ర భారతంలో 1952 ఎన్నికల్లో గెలిచి లోక్‌సభలో కూర్చున్నాడు. తెరమీద రాజు నేలకొరిగినా ఆయన పోరాటం ఓడిపోలేదని మనకు తెలుసు. ఆ నమ్మకమే మనల్ని మళ్లీ మళ్లీ ఈ సినిమాలకు రప్పిస్తుంది.