ఒక్కడి కోసం తీసిన చివరి షాట్

హంతకుడెవరో చెప్పకుండా తెర మీద ‘శుభం’ వేస్తే మన ప్రేక్షకుడు ఊరుకుంటాడా? మన సినిమాల్లో పోలీసులు ఎంత ఆలస్యంగా వచ్చినా క్లైమాక్సులో బేడీలు పడాల్సిందే. దక్షిణ కొరియాలో 2003లో వచ్చిన ‘మెమొరీస్ ఆఫ్ మర్డర్’లో మాత్రం పోలీసు మొదటి సీన్‌కే వచ్చేస్తాడు, హంతకుడు చివరిదాకా దొరకడు. అయినా ఆ ఏడాది ఆ దేశంలో ఎక్కువమంది చూసిన కొరియన్ సినిమా అదే. 50 లక్షలకు పైగా టికెట్లు తెగాయి. (సినిమా చూడనివాళ్లు ఇక్కడ ఆగి, చూసొచ్చి చదువుకోవడం మేలు. ఈ కథలో ముగింపు చెప్పకుండా విశేషాలు చెప్పడం నా వల్ల కాదు.)

కథ కల్పితం కాదు. సియోల్‌కు దక్షిణాన ఉన్న హ్వాసాంగ్ ప్రాంతంలో 1986 నుంచి 1991 దాకా 10 మంది ఆడవాళ్లను చంపేశారు. పోలీసులు 20 వేల మందికి పైగా అనుమానితులను విచారించినా ఫలితం లేకపోయింది. ఈ కేసు మీద 1996లో కిమ్ క్వాంగ్ రిమ్ నాటకం రాశాడు. దాని ఆధారంగా బాంగ్ జూన్ హో తన రెండో సినిమా తీశాడు. అవును, తర్వాత ‘పారసైట్’తో ఆస్కార్లు పట్టుకుపోయిన బాంగే.

హత్య జరిగిన పొలంలో సీన్ ఒకటుంది. కట్ లేకుండా సాగుతుంది. గట్టు మీద నుంచి దిగుతూ పెద్ద పెద్ద అధికారులు జారిపడుతుంటారు, పిల్లలు పరిగెత్తుతుంటారు, ఉన్న ఒక్క అడుగుజాడ మీద నుంచి ట్రాక్టర్ వెళ్లిపోతుంది. డిటెక్టివ్ పార్క్ అరుస్తూనే ఉంటాడు, వినేవాడు లేడు. మన ఊళ్లో పొలం దగ్గర ఏదైనా జరిగితే మూగే జనాన్ని చూసినవాళ్లకు ఈ సీన్ విడమరిచి చెప్పక్కర్లేదు.

హంతకుడి కోసం పెట్టిన దిష్టిబొమ్మ కూడా సినిమాలో కనిపిస్తుంది. లొంగిపోకపోతే కాళ్లూ చేతులూ కుళ్లి చస్తావని దాని మీద శాపం. దర్శకుడి చమత్కారం అనుకునేరు. హ్వాసాంగ్ పొలాల్లో అలాంటి బొమ్మను నిజంగానే నిలబెట్టారు.

వాన పడ్డ రాత్రుల్లో రేడియోలో ఒకే పాట కోరే శ్రోత మీద సినిమాలో అనుమానం పడుతుంది. ఆ పాట పాడిన యూ జే హా ఒకే ఒక్క ఆల్బమ్ ఇచ్చి, 1987లో కారు ప్రమాదంలో పోయాడు. అప్పటికి అతనికి 25 ఏళ్లు. ఇంకొకటి: సినిమాలో డీఎన్ఏ నమూనా అమెరికా వెళ్తుంది, అసలు కేసులో వెళ్లింది జపాన్‌కు.

ఆ డీఎన్ఏ కాగితం సరిపోలలేదని తేలిన చోటే అందరూ చెప్పుకునే సీన్ వస్తుంది. రైలు సొరంగం, కుండపోత వాన. పార్క్ అనుమానితుడి మొహం పట్టుకుని కళ్లలోకి చూస్తాడు. చూపును బట్టి నేరస్థుణ్ని పట్టేస్తానని సినిమా అంతా కోతలు కోసిన మనిషి, తనకేమీ తెలియడం లేదంటాడు. తర్వాత అతను అడిగేది ఒక్కటే: అన్నం తింటున్నావా అని. ఆ మాట స్క్రిప్టులో లేదు, నటుడు సాంగ్ కాంగ్ హో అప్పటికప్పుడు అన్నది. అది తిట్టా, జాలా, ఓటమా అని కొరియన్లు ఇప్పటికీ తర్జనభర్జన పడతారు. ఇంగ్లీషు సబ్‌టైటిల్‌లో ఆ మాట చప్పబడిపోతుంది. ఎదుటి మనిషి కనబడగానే ‘అన్నం తిన్నావా’ అని పలకరించే మనకు మాత్రం చురుక్కుమంటుంది.

ఇక చివరి సీన్. ఏళ్లు గడిచాయి. పార్క్ పోలీసు ఉద్యోగం మానేసి జ్యూసర్లు అమ్ముకుంటున్నాడు. దారిలో మొదటి శవం దొరికిన పొలం కాలువ దగ్గర ఆగి, వంగి తూము లోపలికి చూస్తాడు. అటుగా వచ్చిన చిన్న పాప, ఇంకొకాయన కూడా ఇలాగే చూశాడని, ఎప్పుడో ఇక్కడ చేసిన పని గుర్తొచ్చి వచ్చానన్నాడని చెబుతుంది. ఎలా ఉన్నాడంటే, మామూలుగానే ఉన్నాడంటుంది. పార్క్ తలెత్తి సూటిగా కెమెరాలోకి చూస్తాడు.

ఆ చూపు ఎవరి కోసమో బాంగ్ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. హంతకుడు బయటే ఉండి ఉంటాడని, ఈ సినిమా తప్పకుండా చూస్తాడని అతని నమ్మకం. అప్పుడు డిటెక్టివ్ కళ్లు వాడి కళ్లతో కలవాలని అనుకున్నాడట. లక్షల మందికి చూపించిన షాట్‌ను ఒకే ఒక్కడి కోసం తీశాడన్నమాట.

16 ఏళ్ల తర్వాత సమాధానం వచ్చింది. 2019 సెప్టెంబరులో దాచిన ఆధారాల మీది డీఎన్ఏ లీ చున్ జే అనే ఖైదీతో సరిపోలింది. భార్య చెల్లెలిని చంపిన కేసులో 1994 నుంచి జైల్లోనే ఉన్నాడు. మొదట బుకాయించి, ఆ తర్వాత మొత్తం 14 హత్యలు ఒప్పుకున్నాడు. విచిత్రమేమిటంటే అప్పట్లో పోలీసులు వాణ్ని పిలిచి ప్రశ్నించి వదిలేశారు. హంతకుడిది బి గ్రూపు రక్తమని వాళ్ల లెక్క. వీడిది ఓ. చివరి హత్య మీద కేసు పెట్టే గడువు కూడా 2006లోనే తీరిపోయింది కాబట్టి, ఒప్పుకున్నా కొత్తగా శిక్ష వేయడానికి లేదు.

సినిమా చూశాడా? చూశాడు, జైల్లోనే. 2020 నవంబరులో కోర్టులో అడిగితే, మామూలు సినిమాలాగే చూశానని, ఏమీ అనిపించలేదని చెప్పాడు. ఉత్తరం సరైన అడ్రసుకే చేరింది. చదివినవాడిలో చలనం లేదు.

వాడు ఆ బోనెక్కింది తన విచారణ కోసం కాదు, ఇంకొకరి కోసం సాక్షిగా. 1988లో జరిగిన ఎనిమిదో హత్య తేలిపోయిందని అప్పట్లో అందరూ అనుకున్నారు. పోలియోతో కాలు దెబ్బతిన్న ఒక యువకుడి చేత నేరం ఒప్పించి జైలుకు పంపారు. అతను 20 ఏళ్లు లోపలే గడిపాడు. 2020 డిసెంబరులో గానీ నిర్దోషి అని తీర్పు రాలేదు. సినిమా విడుదలైన రోజున కూడా అతను జైల్లోనే ఉన్నాడు.

సొరంగం ముందు నిలబడ్డ ఆ అనుమానితుడే హంతకుడా కాదా అని సినిమా అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. నాకు మాత్రం ఆ వాదనలో దిగిన ప్రతివాడూ పార్క్ లాగే కనిపిస్తాడు, మొహం చూసి తేల్చేద్దామని. పాప చెప్పిన మాట చాలదా?

హత్యలు చేసినవాడి పేరు తెలిశాక హ్వాసాంగ్ జనం ఒక్కటే అడిగారు, మా ఊరి పేరు తీసేయండని. 2019 డిసెంబరులో పోలీసులు ‘హ్వాసాంగ్ వరుస హత్యలు’ అన్న పేరు మార్చి ‘లీ చున్ జే వరుస హత్యల కేసు’ అని పెట్టారు.