మీకు తెలుసా? మిద్దె తోటలో వేసవి చేసే చిత్రాలు

మార్చి మధ్య వరకూ మిద్దె మీద అంతా పచ్చగానే ఉంటుంది. ఏప్రిల్‌లో అడుగుపెట్టేసరికి టమాటా పూత రాలిపోతుంది, కొత్తిమీర ఆకు మానేసి పూతకొస్తుంది, మధ్యాహ్నానికి సొరపాదు వాడి వేలాడుతుంది. అది చూడగానే మన చెయ్యి బకెట్టు మీదికే వెళ్తుంది. ఎండల్లో మొక్కలు దాహంతోనే కాదు, మన కంగారుతో కూడా పోతాయి. నీళ్లు పోసే ముందు ఒక్క నిమిషం ఆగి చూడటానికి ఈ సంగతులు పనికొస్తాయి.

● మధ్యాహ్నం రెండింటికి సొర, గుమ్మడి ఆకులు వాలినంత మాత్రాన మట్టిలో తడి లేదని కాదు. వేళ్లు లాగిన నీటిలో నూటికి 97 పాళ్లకు పైగా ఆకుల్లోంచి ఆవిరిగానే పోతుంది. మొక్క ఒంటిని చల్లబరచుకునే దారి అదే. ఎండ నడినెత్తికొచ్చాక వేళ్లు అందించేదానికంటే ఆకులు వదిలేదే ఎక్కువవుతుంది. దాంతో వెడల్పాటి ఆకులు వాలిపోతాయి, వాలడం వల్ల వాటికి తగిలే ఎండా తగ్గుతుంది. పొద్దు వాలాక వాటంతట అవే లేస్తే మొక్కకు ఏ బెంగా లేదు. తెల్లవారినా లేవకపోతేనే ఆలోచించాలి. అప్పుడు కూడా ముందు వేలు రెండు కణుపుల లోతుకు దింపి చూడండి. లోపల తడిగా ఉండి మొక్క వాడిందంటే వేరుకుళ్లు పట్టిందేమోనని అనుమానించాలి. అలాంటి దానికి ఇంకో చెంబు పోస్తే ఉన్నదీ పోతుంది.

● కుండీ అడుగు నుంచి నీళ్లు కారితే మట్టి తడిసినట్టే అనుకుంటాం. బాగా ఎండిన మట్టి కుంచించుకుపోయి కుండీ అంచును వదిలేస్తుంది. పోసిన నీళ్లన్నీ ఆ సందులోంచి జారి కిందికి వచ్చేస్తాయి, వేళ్ల ముద్ద మాత్రం పొడిగానే ఉండిపోతుంది. కుండీని ఎత్తి చూడండి. నీళ్లు పోశాక కూడా తేలిగ్గా ఉంటే అరగంట సేపు టబ్బు నీళ్లలో పెట్టండి. ఎత్తలేనంత పెద్ద కుండీకి కొంచెం పోసి, పది నిమిషాలు ఆగి, మళ్లీ పోయాలి. ఆ తర్వాత పైన ఎండుటాకులు మందంగా పరిస్తే తడి నిలుస్తుంది.

● సాయంత్రం అయిదింటికి డాబా మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. ఎండలో పడి ఉన్న పైపులో నిలిచినవి ఇంకా వేడి. ఆ నీళ్లు వేళ్లకు మంచివి కావు. తెల్లవారుజామున పోయడమే అన్నిటికంటే మేలు.

● ఎండలో నీళ్లు చల్లితే ఆ బొట్లు భూతద్దంలా ఆకును కాలుస్తాయని పెద్దలు చెప్పేవారు. నున్నటి ఆకుల మీద అలా జరగదని హంగరీ శాస్త్రవేత్తలు 2010లో తేల్చారు. బొట్టు ఆకుకు అంటుకుని ఉంటుంది కాబట్టి కిరణాలు ఆకు మీద ఒకచోట కేంద్రీకృతం కావు. నూగు ఉన్న ఆకుల సంగతి వేరు, అక్కడ బొట్టు నూగు మీద ఎత్తుగా నిలుస్తుంది.

● పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా ఉక్క తగ్గకపోతే టమాటా పుప్పొడి పనికిరాకుండా పోతుంది. పూత రాలడానికి కారణం అదే, ఎరువులు గుమ్మరించినా ఆగదు. షేడ్‌నెట్ కొంత ఆదుకుంటుంది. ఇంకో చిత్రం: టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ 30 డిగ్రీలు దాటిన వేడిలో సరిగా తయారుకాదు. అందుకే మే నెల కాయ చెట్టు మీద పసుపుగానో నారింజగానో ఆగిపోతుంది. రంగు తిరగగానే కోసి ఇంట్లో నీడపట్టున పెట్టండి, చక్కగా ఎర్రబడుతుంది.

● వేసవిలో నాకు అన్నిటికంటే అబ్బురంగా తోచేది గంగవాయిలి కూర. కొన్ని చోట్ల గంగపాయల కూర అంటారు. విత్తకపోయినా కుండీల్లో దానంతటదే మొలుస్తుంది, కలుపని పీకి పారేస్తుంటారు. నీళ్లు కరువైనప్పుడు ఈ మొక్క పగలు ఆకు రంధ్రాలను మూసుకుని, చల్లటి రాత్రివేళ తెరిచి గాలి పీల్చుకుంటుంది. అలా తీసుకున్న బొగ్గుపులుసు వాయువును మాలిక్ ఆమ్లంగా దాచుకుని, పగలు ఎండ రాగానే వాడుకుంటుంది. మాలిక్ ఆమ్లం అంటే యాపిల్‌లో ఉండే పులుపే. కాబట్టి ఎండలకు ఓర్చిన మొక్క నుంచి పొద్దున్నే తుంచిన ఆకు పుల్లగా ఉంటుంది, సాయంత్రానికి ఆ పులుపు తగ్గిపోతుంది. రెండు పూటలా ఒక్కో ఆకు నోట్లో వేసుకుని చూడండి. పొద్దున కోసిన కూరతో పప్పు చేసేటప్పుడు చింతపండు కాస్త తగ్గించవచ్చు.

● గోంగూర పగలు కురచయ్యే రోజుల్లోనే పూస్తుంది. వేసవిలో పగలు పొడుగు కనుక పూత ఊసెత్తకుండా ఆకు ఇస్తూనే ఉంటుంది.

● ఎండలు, పొడుగాటి పగళ్లు పాదుల్లో మగపూలను పెంచుతాయి. పూసినవన్నీ రాలిపోతున్నాయని దిగులు పడకుండా పువ్వు కింద చూడండి. పిందె ఉంటేనే ఆడపువ్వు. చేత్తో పుప్పొడి అంటించాలనుకుంటే వేళ తెలియాలి: గుమ్మడి, కాకర పొద్దున విచ్చుకుంటాయి, సొర, బీర సాయంత్రం.

● నీటి ఎద్దడికి, వేడికి సొర, దోస, బీర కాయల్లో కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థం పెరగవచ్చు. దోసకాయ కోశాక ముక్క నోట్లో వేసుకుని చూడటం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే. సొరకాయకు కూడా అదే అలవాటు తప్పనిసరి. చేదు సొరకాయ రసం తాగి ప్రాణాల మీదికి తెచ్చుకున్నవారున్నారు, చేదుగా ఉంటే తాగవద్దని ఐసీఎంఆర్ నిపుణులు కూడా హెచ్చరించారు. ఉడికిస్తే పోతుందిలే అనుకోవద్దు. చేదు తగిలిన కాయను పారేయండి.

● తడి కుండీల అంచున తేనెటీగలు ముసిరితే తోలకండి. పట్టును చల్లబరచడానికి అవి నీళ్లు మోసుకెళ్తాయి. పళ్లెంలో గులకరాళ్లు వేసి నీళ్లు పోస్తే మునిగిపోకుండా తాగుతాయి.

● మే నెల ఎండతో పాత మట్టిని శుభ్రం చేయవచ్చు. ఇజ్రాయెల్‌లో యాకోవ్ కటాన్ 1976లో ఈ పద్ధతిని శాస్త్రీయంగా ప్రకటించారు. పంట అయిపోయిన మట్టిని బాగా తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు కప్పి, అంచులు గాలి దూరకుండా మూసి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయాలి. ఆ వేడికి వేరుకుళ్లు తెగుళ్లు, నులిపురుగులు, కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. నల్ల షీటు ఇంత బాగా పనిచేయదు, ఎండ మట్టి దాకా దిగాలి. రోహిణీ కార్తె దాటాక షీటు తీసేసి, పశువుల ఎరువు కలిపితే మృగశిర చినుకులకు విత్తనాలు వేసుకోవచ్చు.