ఎడ్వర్డ్స్ సిండ్రోమ్ - తల్లి తప్పు కాదు



పురుళ్ల వార్డులో పనిచేసే మాకు ఒక ప్రశ్న బాగా తెలుసు. "సిస్టరమ్మా, నేనేం తప్పు చేశానని నా బిడ్డ ఇలా పుట్టింది?"

కొన్నేళ్ల క్రితం ఒక తల్లి నన్ను ఇలాగే అడిగింది. నెలలు నిండి పుట్టినా బిడ్డ కిలోన్నర బరువే ఉంది. పాలు చీకలేకపోయింది. గుండెలో రంధ్రం ఉందని స్కానులో తేలింది. గ్రహణం నాడు కోడలు కత్తిపీట పట్టిందని అత్తగారు అన్నారు. మేనరికం వల్లనేనని బంధువులు అన్నారు. ఆ బిడ్డకు ఉన్నది ఎడ్వర్డ్స్ సిండ్రోమ్.

ఇది ఎందుకు వస్తుంది?

మన శరీరంలోని ప్రతి కణంలో మామూలుగా 46 క్రోమోజోములు, అంటే 23 జతలు ఉంటాయి. సగం తల్లి నుండి, సగం తండ్రి నుండి వస్తాయి. అండం గాని, వీర్యకణం గాని తయారయ్యేటప్పుడు జత సరిగా విడిపోకపోతే బిడ్డకు ఒక క్రోమోజోము ఎక్కువ వస్తుంది. 21వది ఎక్కువైతే డౌన్ సిండ్రోమ్, 18వది ఎక్కువైతే ఎడ్వర్డ్స్ సిండ్రోమ్. 1960లో ఇంగ్లండుకు చెందిన డాక్టర్ జాన్ ఎడ్వర్డ్స్ దీనిని వివరించారు. సజీవంగా పుట్టే సుమారు 5,000 నుండి 6,000 మంది శిశువుల్లో ఒకరికి ఇది కనిపిస్తుంది. తల్లి వయస్సు 35 దాటితే అవకాశం పెరుగుతుంది, అయితే చిన్న వయస్సు తల్లులకూ రావచ్చు.

గ్రహణానికి, తిన్న తిండికి, చేసిన పనికి దీనితో సంబంధం లేదు. మేనరికం వల్ల తలసీమియా వంటి కొన్ని జబ్బులు వచ్చే అవకాశం పెరిగే మాట నిజమే. కాని ఈ జబ్బుకు మేనరికం కారణం కాదు.

లక్షణాలు

పసిపిల్లలందరూ పిడికిలి బిగిస్తారు. ఈ బిడ్డల పిడికిలిలో మాత్రం చూపుడువేలు మధ్యవేలి మీదికి, చిటికెనవేలు ఉంగరపువేలి మీదికి ఎక్కి ఉంటాయి. బరువు తక్కువ, చిన్న దవడ, కిందికి ఉన్న చెవులు, గుండ్రంగా వంగిన అరికాళ్లు, గుండె లోపాలు కూడా కనిపిస్తాయి. వీటిలో ఏదో ఒకటి ఉన్నంత మాత్రాన ఈ జబ్బేనని భయపడకండి. రక్తపరీక్షతోనే నిర్ధారణ అవుతుంది.

చికిత్స ఉందా?

ఎక్కువైన క్రోమోజోమును తీసివేసే మందు లేదు. 100 మందిలో సుమారు 90 మంది ఏడాది నిండకముందే కన్నుమూస్తారు, అందులో చాలామంది మొదటి వారాల్లోనే. కొద్దిమంది కొన్నేళ్లు బతుకుతారు. వారికి నడక, మాట, చదువు చాలా కష్టం. అయినా తల్లిని గుర్తుపడతారు, నవ్వుతారు.

బతికిన రోజులు ఎన్నయినా బిడ్డకు వెచ్చదనం, పాలు, స్పర్శ కావాలి. పాలు పిండి గొట్టం ద్వారా పట్టడం మేము నేర్పుతాము. పొరపోయే ప్రమాదం ఉంది గనుక బలవంతంగా నోట్లో పోయవద్దు. బిడ్డను రొమ్ముకు హత్తుకొని ఉంచండి. ఊపిరి ఆగి ఆగి వస్తున్నా, పెదవులు నీలంగా మారినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. పేరు పెట్టండి, ఎత్తుకోండి. "ఉండేదా పోయేదా" అని తల్లి ఎదుట మాట్లాడకండి.

రక్తపరీక్ష మానకండి

"ఎలాగూ బతకని బిడ్డకు సూదులెందుకు?" అని కొందరు పరీక్ష వద్దంటారు. ఆ పరీక్ష తరువాతి బిడ్డ కోసం. కేరియోటైప్ అనే ఈ పరీక్ష రిపోర్టుకు రెండు మూడు వారాలు పట్టవచ్చు. చాలామంది తల్లిదండ్రులకు ఇది మళ్లీ వచ్చే అవకాశం 100కి సుమారు ఒకటి మాత్రమే. కొన్ని కుటుంబాల్లో మాత్రం తల్లిలోనో తండ్రిలోనో ఒక క్రోమోజోము ముక్క వేరొకదానికి అతుక్కొని ఉంటుంది. అప్పుడు అవకాశం ఎక్కువ. ఆ తేడా రిపోర్టు ఉంటేనే తెలుస్తుంది.

పంజాగుట్టలోని నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది. మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌ల నుండి మెట్రోలో మారకుండా పంజాగుట్ట వెళ్లవచ్చు. పాత రిపోర్టులన్నీ వెంట తీసుకువెళ్లండి.

తరువాతి గర్భంలో 11 నుండి 14 వారాల మధ్య స్కాను, రక్తపరీక్ష, 18 నుండి 20 వారాల మధ్య టిఫా స్కాను తప్పక చేయించుకోండి. వాటిలో అనుమానం వస్తే ఉమ్మనీటి పరీక్షతో నిర్ధారిస్తారు.

మొదట చెప్పిన ఆ బిడ్డ పన్నెండో రోజున కన్నుమూసింది. రిపోర్టు వచ్చాక డాక్టరుగారు దంపతులను, అత్తగారిని కూర్చోబెట్టి అంతా వివరించారు. అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కోడలి చేయి పట్టుకొని, "ఇంటికి పోదాం పద, పొద్దుటి నుండి ఏమీ తినలేదు నువ్వు" అన్నారు.

మీ ఇంట్లో గాని, మీ వీధిలో గాని ఇలాంటి తల్లి ఉంటే కారణాలు వెతకకండి. ఆమె దగ్గర కాసేపు కూర్చోండి. ఆ రిపోర్టు మాత్రం జాగ్రత్తగా దాచమని చెప్పండి.

- నర్సింగ్ సూపరింటెండెంట్