బస్తా నేల మీద పెడితే భారం నడుము మీద

వానలు పడి దుక్కులు మొదలైతే సహకార సంఘం గోదాము ముందు రైతులు బారులు తీరతారు. చీటీ లోపలికి పోతుంది. లోపల ఉన్న ఇద్దరు ముగ్గురు మనుషులు ఆ చీటీ చూసి యూరియా రెండు, డీఏపీ ఒకటి, పొటాష్ ఒకటి అంటూ దొంతుల్లోంచి లాగి గుమ్మం దగ్గర వేస్తుంటారు. ఈ పని చేసేవాళ్లలో చాలామంది అరెకరం, ఎకరం ఉన్న రైతులే. సేద్యం పని లేనప్పుడు హమాలీకి పోతారు. సంఘంలోనే కాదు, ఇంటి వెనక కొట్టంలో విత్తనం, ఎరువు, దాణా దాచుకున్న రైతుకీ ఇదే పని. కావలసిన బస్తా వెతకాలి, వంగాలి, లాగాలి, ఎత్తాలి, మోయాలి. సరిగ్గా నాట్ల వేళ నడుము పట్టేసిందంటే సొంత కూలి పోతుంది, పైగా పొలానికి వేరే మనిషిని పెట్టుకోవాలి. చిన్న రైతుకు ఇది రెండు వైపులా దెబ్బ.

నడుము పడితే ఒంట్లో సత్తువ తగ్గిందనుకుంటారు మనవాళ్లు. సత్తువ ఒక్కటే కాదు. బస్తా ఎంత ఎత్తులో ఉంది, ఒంటికి ఎంత దూరంలో ఉంది, ఎత్తాక ఎటు తిరగాలి అన్నవే అసలు సంగతులు. ఇవి మూడూ గోదాము సర్దుకోవడంలో ఉన్నాయి.

గునపం లెక్క

గునపంతో రాయి పెకిలించడం అందరికీ తెలుసు. గునపం పొడవు ఎంత ఉంటే అంత పెద్ద రాయి కదులుతుంది. మన నడుములో ఇదే లెక్క తిరగబడి పనిచేస్తుంది. వెన్నుపూసల వెనక ఉండే కండరాలు వెన్నుకు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. చేతులు చాచి పట్టుకున్న బరువు 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఆ కండరాలు దానికి ఎనిమిది రెట్లు లాగాలి. అంటే 25 కిలోల బస్తాకు 200 కిలోల లాగుడు. వంగిన ఒంటి బరువు దీనికి అదనం. అదే బస్తాను పొట్టకు హత్తుకుని 20 సెంటీమీటర్లకు తెచ్చుకుంటే లాగుడు సగానికి పడిపోతుంది. బస్తా మారలేదు, దూరం మారిందంతే.

అమెరికాలో కార్మికుల ఆరోగ్య భద్రతపై పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ 'నియోష్' 1991లో బరువులు ఎత్తడానికి ఒక లెక్క ఇచ్చింది. బరువు ఒంటికి దగ్గరగా, నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో, పక్కకు తిరిగే పని లేకుండా, పట్టు బాగా దొరికి, అప్పుడప్పుడు మాత్రమే ఎత్తితే 23 కిలోల వరకు ఫర్వాలేదంది. అదే బరువును నేల మీది నుంచి ఎత్తితే 18 కిలోలకు దిగుతుంది. నేల మీదే ఉండి, చేతులు 50 సెంటీమీటర్లు చాచి, ఎత్తి పూర్తిగా పక్కకు తిరగాల్సి వస్తే ఆరు కిలోల పైచిలుకే!

ఇప్పుడు మన బస్తాలు చూడండి. యూరియా 45 కిలోలు (2018 దాకా 50 ఉండేది). డీఏపీ 50. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీ 40 నుంచి 45. కోస్తాలో ధాన్యం బస్తా అంటే 75. వయసులో ఉన్న మగవాడికి కూడా 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. దాన్ని పట్టించుకున్నదెవరు? బస్తా బరువు తగ్గించడం ఇవాళ మన చేతుల్లో లేదు. ఎత్తు, దూరం, మలుపు మాత్రం మన చేతుల్లోనివే.

మోకాలికి, ఛాతీకి మధ్య

చెమ్మ తగలకుండా బస్తాల కింద చెక్క పలకలు వేయడం చాలామంది చేస్తున్నదే. అరడుగు ఎత్తు ఉంటే చెమ్మకు చాలు, నడుముకు చాలదు. తరచూ తీసే సరుకు కింద అడుగు, అడుగున్నర ఎత్తులో ఇటుకలు పేర్చి వాటిపై గట్టి పలకలు గానీ, తాటి మొద్దులు గానీ వేసుకోండి. అడుగు వరుస తీసేటప్పుడు నేలదాకా వంగే పని తప్పుతుంది. దొంతిని ఛాతీ ఎత్తుకు మించి పోనివ్వొద్దు. తల పైనుంచి బస్తా లాగేటప్పుడు పట్టు జారితే మెడ మీదికే వస్తుంది. యూరియా దొంతి మరీ ఎత్తయితే అడుగు బస్తాలు గడ్డ కడతాయి, అదింకో నష్టం.

ఒక వరుస నిలువుగా, ఆపై వరుస అడ్డంగా పేరిస్తే దొంతి ఒరగదు. ఎరువుల ప్లాస్టిక్ సంచులు నున్నగా ఉంటాయి కాబట్టి వీటికి ఈ జాగ్రత్త మరీ అవసరం. తీసేటప్పుడు పైనుంచి మెట్లు మెట్లుగా దించుకు రావాలి. తొందరలో మధ్యలోంచి ఒకటి లాగితే దొంతి మొత్తం మనిషి మీదికి వస్తుంది. గోడకు అడుగున్నర, రెండడుగులు వదిలితే గాలి ఆడుతుంది, ఎలుకల జాడ తెలుస్తుంది, అటువైపు నుంచి కూడా బస్తా అందుకోవచ్చు. దొంతుల మధ్య దారి చేతి బండి తిరిగేంత ఉండాలి. దారి ఇరుకైతే మనిషి పాదాలు కదపలేక నడుము తిప్పుతాడు. వెన్ను దెబ్బతినేది అక్కడే.

ఏది ఎక్కువ పోతుందో అది గుమ్మం దగ్గర ఉండాలి. సీజన్లో యూరియా అడగని రైతు ఉండడు. మరి చాలా గోదాముల్లో యూరియా ఎక్కడుంటుంది? ముందొచ్చిన లోడు కాబట్టి లోపలి మూల! రోజుకు 60 మంది వచ్చి తలా రెండు యూరియా తీసుకుంటారనుకుందాం. 120 బస్తాలు. దొంతిని 20 మీటర్ల దూరం నుంచి 5 మీటర్లకు తెస్తే ఆ మనుషులకు బస్తా మోస్తూ నడిచేది 1,800 మీటర్లు తగ్గుతుంది, ఖాళీగా వెనక్కి నడిచేది మరో 1,800. బయట ఎండలో నిలబడ్డ రైతుకు కూడా చీటీ తొందరగా తెగుతుంది.

20-20-0-13, 28-28-0, 14-35-14 సంచులు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. చీకటి గోదాములో ఒకటి బదులు ఇంకోటి తీస్తే మళ్లీ లోపలికి మోసి, మళ్లీ బయటికి మోయాలి. ప్రతి దొంతి ఎదురుగా గోడమీద సున్నంతో అరచేయంత అక్షరాల్లో పేరు రాయండి. దొంతులు ఏ వరుసలో ఉంటే చీటీలో సరుకు కూడా అదే వరుసలో రాస్తే అటూ ఇటూ తిరుగుడు తప్పుతుంది. రెండు పైకప్పు రేకుల బదులు వెలుతురొచ్చే ప్లాస్టిక్ రేకులు వేయిస్తే ఇంకా మంచిది.

పురుగుమందులు ఈ లెక్కలోకి రావు. వాటిని విడి గదిలో గానీ బీరువాలో గానీ తాళం వేసి ఉంచాలి. పొడులు పై అరలో, ద్రవాలు కింది అరలో. కారినా పొడి మీద పడవు. దాణా, విత్తనం దరిదాపుల్లో పెట్టకూడదు.

అరుగే ఆసరా

సిమెంటు బస్తాలు, గ్యాస్ సిలిండర్లు నెట్టే రెండు చక్రాల నిలువు బండిని వెల్డింగు షాపులో కూడా చేయించుకోవచ్చు. మన నేలలు ఎగుడుదిగుడుగా ఉంటాయి కాబట్టి గాలి టైర్లే పెట్టించండి, చిన్న ఇనుప చక్రాలు గుంటలో దిగబడతాయి. గుమ్మం ముందు మెట్టు ఉంటే బండి పనికి రాదు. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవున వాలు కట్టుకోవాలి. వాలు నిటారుగా కడితే నెట్టేవాడికి బస్తా మోసినంత పనవుతుంది.

ఇంటి ముందు అరుగు ఉన్నవాళ్లకు సగం పని అయినట్టే. అరుగు ఎత్తు ట్రాక్టరు ట్రక్కు అంచుతో కలిసేలా ఉంటే బస్తాను జరిపితే చాలు, ఎత్తక్కర్లేదు. కొత్తగా గోదాము కట్టుకునే సంఘాలు ట్రక్కు అంచు ఎత్తు టేపుతో కొలిచి ఆ ప్రకారం గచ్చు లేపితే ఏళ్ల తరబడి సుఖం.

ఎత్తక తప్పనప్పుడు బస్తాకు దగ్గరగా నిలబడి, కాళ్లు ఎడం చేసి, మోకాళ్లు వంచి, ఎదురెదురు మూలలు పట్టుకుని ఒంటికి హత్తుకుని లేవాలి. తిరగాలంటే పాదాలతో తిరగాలి. తలమీద మోసేటప్పుడు బరువు నిలువుగా దిగుతుంది నిజమే, కానీ నేల నుంచి తలకెత్తే ఆ క్షణమే ప్రమాదం. అప్పుడు ఇద్దరు పట్టి ఎత్తాలి. దాణా బస్తాను రోజూ కదిపే ఆడవాళ్లు అసలు బస్తానే ఎత్తకుండా తిట్టె మీద నిలబెట్టి మూతి విప్పి బకెట్టుతో తీసుకుంటే సరిపోతుంది. నడుముకు బెల్టు కట్టుకుంటే చాలనుకోవద్దు. మామూలు మనిషికి బెల్టు దెబ్బను ఆపుతుందనడానికి తగిన ఆధారం లేదని అదే నియోష్ 1994లో చెప్పింది. నొప్పి కాలిలోకి దిగి తిమ్మిరెక్కినా, మూత్రం పోయడం కష్టమైనా మర్దనలతో కాలం గడపొద్దు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

చివరిగా ఒక చిక్కు. ఈ సర్దుబాటంతా లారీ దిగేటప్పుడే జరగాలి. దిగాక మార్చాలంటే రెండింతల కూలి. బస్తాకింత అని కూలి ఇచ్చేచోట దించేవాళ్లు దగ్గర్లో ఖాళీ ఎక్కడుంటే అక్కడే వేస్తారు, వాళ్లను తప్పు పట్టలేం. అందుకే లోడు రాకముందు రోజే గచ్చు మీద తాడు పట్టి సున్నం గీతలు గీయండి. ఏ గడిలో ఏ ఎరువో, ఎన్ని వరుసలో రాసిపెట్టండి. గుమ్మం పక్క గడి యూరియాకు వదలండి. గీత ప్రకారం పేర్చినందుకు బస్తాకు ఇంత అదనమని ముందే మాట్లాడుకోండి.