దావత్ కాగానే బండి తీయాలా? ఫజర్ దాకా ఆగాలా?

రాత్రి పదకొండు దాటింది. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఫంక్షన్ హాల్లో వలీమా దావత్ అయిపోయింది. పిల్లలు కుర్చీల్లోనే నిద్రపోయారు. విజయవాడ నుంచి వచ్చిన చుట్టాలు సామాను కారులో సర్దేశారు. "ఇప్పుడు బయలుదేరితే ట్రాఫిక్ ఉండదు అమ్మీ, ఫజర్‌కల్లా ఇంట్లో ఉంటాం" అంటాడు పెద్ద కొడుకు. "పొద్దున పోవచ్చు కదా బేటా" అంటుంది అమ్మీ. ఎల్బీనగర్, హయత్‌నగర్ ఇళ్లల్లో పెళ్లిళ్ల సీజన్ వచ్చినా, ఈద్ వచ్చినా వినిపించే మాటలే ఇవి. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. మరి ఏ మాట వినాలి?

రాత్రి సఫర్ ఎందుకు ఇష్టం?

హైదరాబాద్ నుంచి విజయవాడకు 65వ నంబర్ జాతీయ రహదారి మీద సుమారు 270 కిలోమీటర్లు. ఖాళీ రోడ్డయితే ఐదు గంటల దారి. రాత్రి వెళ్తే ఎండ ఉండదు, పిల్లలు పడుకుంటారు, ఒక రోజు సెలవు మిగులుతుంది. పండగ రోజుల్లో పగలు పంతంగి టోల్ ప్లాజా దగ్గర కార్లు ఎలా బారులు తీరతాయో ఈ దారిలో తిరిగేవాళ్లకు చెప్పక్కర్లేదు. లాడ్జి ఖర్చు కూడా తప్పుతుంది.

ఇంకో వాదన కూడా ఉంది. దేశం మొత్తం లెక్కలు చూస్తే ఎక్కువ ప్రమాదాలు జరిగేది సాయంత్రం 6 నుంచి 9 మధ్యలో, అర్ధరాత్రి కాదు. అది నిజమే. కానీ ఆ టైములో రోడ్డు మీద బండ్లు ఎక్కువ, అందుకే ప్రమాదాల సంఖ్య ఎక్కువ. రాత్రి రెండు గంటలకు రోడ్డు ఖాళీగా ఉన్నా, నడిపే మనిషి కళ్లు, మెదడు పగటిలా పని చేయవు. చూడాల్సింది అదీ.

బాటసింగారం దగ్గర ఏం కనిపిస్తుంది?

పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దాటాక వీధి దీపాల వెలుగు తగ్గుతుంది. అక్కడి నుంచి బాటసింగారం ఎంతో దూరం లేదు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను 2021లో ఇక్కడి లాజిస్టిక్స్ పార్కుకు మార్చాలని సర్కారు నిర్ణయించాక, కొత్తపేట వైపు వెళ్లే పండ్ల లారీలు ఈ దారి పట్టాయి. మామిడి సీజన్‌లో రాత్రంతా లారీలు, డీసీఎంలు, ట్రాలీ ఆటోలు వస్తూనే ఉంటాయి. మార్కెట్ మీద బతికే కుటుంబాలకు ఇది తెలిసిన సంగతే.

సిటీ దాటాం, ఇక రోడ్డు ఖాళీ అని కారు డ్రైవర్ స్పీడ్ పెంచేది సరిగ్గా ఇలాంటి చోటే. లారీ మాత్రం నెమ్మదిగా మలుపు తిరుగుతుంటుంది, లేదా పక్కన ఆగి ఉంటుంది. వెనక లైటు వెలగకపోవచ్చు, రేడియం స్టిక్కర్ మట్టి కొట్టుకుపోయి ఉండొచ్చు. డిమ్ లైటులో ముందు స్పష్టంగా కనిపించేది సుమారు 50 మీటర్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు, డ్రైవర్ చూసి బ్రేకు తొక్కి ఆపేసరికి 60 మీటర్లయినా పోతుంది. అంటే లారీ కనిపించాక బ్రేకు వేసినా సరిపోదు. మన దేశంలో దాదాపు ఐదు ప్రమాదాల్లో ఒకటి వెనక నుంచి ఢీకొట్టిందే.

ఇదంతా డ్రైవర్ మెలకువగా ఉంటేనే. 100 వేగంలో నాలుగు సెకన్లు కన్ను మూతపడితే కారు 110 మీటర్లకు పైగా దానంతట అదే పోతుంది. కన్ను మూతపడిన సంగతి డ్రైవర్‌కే తెలియకపోవచ్చు.

మందు ముట్టకపోయినా మత్తే

"మా ఇంట్లో ఎవరూ తాగరు, మాకేం భయం" అనుకునే కుటుంబాలు మనవి. కానీ నిద్ర లేకపోవడం కూడా మత్తు లాంటిదే. ఆస్ట్రేలియా పరిశోధకులు 1997లో నేచర్ పత్రికలో దీని మీద ఒక అధ్యయనం ప్రచురించారు. వరసగా 17 గంటలు మేలుకొని ఉన్న మనిషి పనితీరు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్న మనిషితో సమానంగా పడిపోయింది. మన మోటారు వాహనాల చట్టంలో హద్దు 30 మిల్లీగ్రాములే. 24 గంటలు మేలుకుంటే అది 100 మిల్లీగ్రాములు తాగినంత.

ఇప్పుడు ఆ పెద్ద కొడుకు లెక్క చూద్దాం. పొద్దున 6కి లేచాడు. పెళ్లి పనుల్లో పగలంతా తిరిగాడు. రాత్రి 11కే 17 గంటలు నిండాయి. బాటసింగారం దాటేసరికి 12, సూర్యాపేట చేరేసరికి రెండు. రాత్రి రెండు నుంచి ఐదు వరకు శరీరం నిద్ర కోరుకునే సమయం. అప్పుడు స్టీరింగ్ అతని చేతిలో ఉంటుంది, కడుపులో బిర్యానీ ఉంటుంది, కారులో మిగతా అందరూ నిద్రపోతుంటారు. ట్రాఫిక్ పోలీసులు ఊదించినా మిషన్‌లో సున్నానే వస్తుంది. ప్రమాదం మాత్రం సున్నా కాదు.

రాత్రి ప్రమాదం జరిగితే బయటపడటమూ కష్టమే. 2025 అక్టోబర్ 24న తెల్లవారుజామున 3 గంటల ప్రాంతంలో కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు, రోడ్డు మీద పడి ఉన్న బైక్‌ను ఈడ్చుకెళ్లి కాలిపోయింది. 19 మంది ప్రయాణికులు చనిపోయారు. చాలామంది గాఢ నిద్రలో ఉన్నారు. మూడు వారాలకే, రాత్రి పూట మక్కా నుంచి మదీనా వెళ్తున్న మన ఉమ్రా యాత్రికుల బస్సు డీజిల్ ట్యాంకర్‌ ప్రమాదంలో కాలిపోయి 45 మంది ప్రాణాలు కోల్పోయారు. వాళ్లలో ఎక్కువ మంది హైదరాబాద్ వాళ్లే. ఈ రెండూ డ్రైవర్ నిద్ర వల్లే జరిగాయని కాదు. చీకట్లో, నిద్రలో ఉన్నవాళ్లకు తప్పించుకునే సమయం ఎంత తక్కువో చెప్పడానికే.

నిద్రను ఎవరూ ఓడించలేరు

"నాకు అలవాటే, నిద్ర ఆపుకోగలను" అనేవాళ్లు ఒక సంఘటన గుర్తు చేసుకోవాలి. ఖైబర్ నుంచి తిరిగి వస్తూ దైవప్రవక్త (స), సహచరులు రాత్రి చివరి భాగంలో ఆగి విశ్రాంతి తీసుకున్నారు. ఫజర్‌కు లేపే బాధ్యత హజ్రత్ బిలాల్ (రజి) తీసుకున్నారు. చివరికి ఆయనకూ నిద్ర పట్టేసింది, ఎండ తగిలాకే అందరూ లేచారు. బిలాల్ (రజి) అంతటి వారినే నిద్ర గెలిచింది. అయినా వాళ్లు ప్రయాణం ఆపి పడుకున్నారు. మనం నడుస్తున్న కారులో పడుకుంటున్నాం.

అద్దాలు దించడం, పాటలు, ఖవ్వాలీ గట్టిగా పెట్టడం, మొహం మీద నీళ్లు చల్లుకోవడం, ఇవన్నీ కొన్ని నిమిషాలకే. చాయ్ తాగినా ఒంటికి పట్టడానికి 20, 30 నిమిషాలు పడుతుంది. అందుకే చాయ్ తాగి, సీటు వెనక్కి వాల్చి ఆ 20 నిమిషాలు పడుకోవడం మంచి పద్ధతి. అదీ రాత్రి నిద్రకు బదులు కాదు.

మరి ఏం చేయాలి?

దావత్ రాత్రి ప్రయాణం పెట్టుకోవద్దు. చుట్టాలింట్లో పరుపు వేసుకుని ఐదారు గంటలు పడుకుని, ఫజర్ చదివి బయలుదేరితే పదిన్నరకల్లా విజయవాడ చేరొచ్చు. రాత్రి వెళ్తే మిగిలేది ఐదారు గంటలు మాత్రమే, అందులోనూ ఇంటికి చేరాక మధ్యాహ్నం దాకా పడుకునే పోతుంది. డిసెంబర్, జనవరిలో పొగమంచు ఉంటే ఎండ వచ్చేదాకా ఆగాలి.

నిద్ర తగ్గించుకుని మూడింటికి లేచి పోవడం పరిష్కారం కాదు. తెల్లవారాక కూడా జాగ్రత్త కావాలి. 2018 ఆగస్టు 29న నందమూరి హరికృష్ణ హైదరాబాద్ నుంచి నెల్లూరు జిల్లాలో పెళ్లికని తెల్లవారకముందే సొంతంగా కారు నడుపుకుంటూ బయలుదేరి, నల్లగొండ జిల్లా అన్నెపర్తి దగ్గర పొద్దున ఆరు గంటల ప్రాంతంలో ప్రమాదంలో చనిపోయారు. సీటు బెల్టు పెట్టుకోలేదని అప్పట్లో వార్తలు వచ్చాయి. బెల్టు వెనక సీటులో వాళ్లకు కూడా తప్పనిసరి. నిద్రపోయే పిల్లలను ముందు సీటులో ఒళ్లో పెట్టుకోవద్దు.

నెల్లూరు రొట్టెల పండగకు, ఉర్సులకు బండి కిరాయికి మాట్లాడుకునేటప్పుడు రేటు ఒక్కటే కాదు, "భాయ్, నిన్న రాత్రి పడుకున్నావా? పగలు ఎన్ని ట్రిప్పులు కొట్టావు?" అని కూడా అడగాలి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే డ్రైవర్‌కు రోజుకు 8 గంటలని, ఐదు గంటలు పనిచేస్తే కనీసం అరగంట విరామమని చెప్పింది. రంజాన్‌లో తరావీహ్, సహ్రీ వల్ల నిద్ర ముక్కలవుతుంది. చాంద్ రాత్ షాపింగ్ చేసి అటు నుంచే ఊరికి బండి తీయడం మరీ ప్రమాదం.

జనాజా, ఆసుపత్రి లాంటి పని పడి రాత్రే పోవాల్సి వస్తే పగలు పడుకున్న మనిషి నడపాలి. ఇద్దరు డ్రైవర్లుంటే రెండు గంటలకొకసారి మారాలి. ముందు సీటులో కూర్చున్నవాళ్లు నిద్రపోకూడదు. పదే పదే ఆవలింతలు వచ్చినా, బండి లేన్ దాటినా, దాటొచ్చిన ఊరి పేరు గుర్తుకు రాకపోయినా ఆపేయాలి. ఆపేది రోడ్డు పక్కన కాదు, పెట్రోల్ బంకులోనో టోల్ ప్లాజా దగ్గరో వెలుగున్న చోట. హైవే మీద బండి ఆగిపోతే 1033కి, ప్రమాదమైతే 108కి, 112కి ఫోన్ చేయాలి.

"నిద్ర వస్తోందా?" అని అడిగితే ఏ డ్రైవరూ అవునని ఒప్పుకోడు. కాబట్టి ఆ నిర్ణయం డ్రైవర్‌కు వదిలేయకూడదు. ఎక్కడ ఆగాలో, ఎవరు ఆపమంటే ఆపాలో బండి ఎక్కకముందే ఇంట్లో అనుకోవాలి. ఆ రాత్రి "పొద్దున పోవచ్చు కదా బేటా" అన్న అమ్మీ భయపడి అన్న మాట కాదది, లెక్క సరిగ్గా చూసి అన్న మాట.