తప్పు వ్రాతలో పుట్టిన ఒప్పు మాట

ఉపాధ్యాయుడు పాఠము ముగించి "ఓకేనా?" అని అడుగును. విద్యార్థులు "ఓకే" అందురు. మొదటిది ప్రశ్న, రెండవది సమాధానము. వంట ఎట్లున్నదని అడిగినప్పుడు సాగదీసి "ఓకే" అనినచో, తినవచ్చునుగాని మెచ్చుకొనదగినది కాదని అర్థము. అధికారి కాగితముపై వ్రాసిన ఓకే ఆమోదము. జారిపడినవానిని లేవదీయుచు అడిగిన ఓకే క్షేమప్రశ్న. మన 'సరే'కును ఇట్టి విస్తృతి కొంత కలదు. కాని 'సరే'కు మూలము 'సరి' యని పసివానికైనను తెలియును. ఓకే పుట్టుకను గూర్చి మాత్రము ఆంగ్ల పండితులు చాలకాలము తగవులాడిరి.

ఆ మాట తమదేయని చెప్పుకొన్నవారికి కొదువ లేదు. గ్రీకు భాషలో 'ఓలా కలా' అనగా అంతయు బాగున్నదని. ఆఫ్రికాలోని వొలోఫ్ భాషలో 'అవును' అనుటకు దీనిని పోలిన పలుకుబడి యొకటి కలదు. అమెరికా ఆదివాసులైన చోక్టాల పలుకే దీనికి మూలమని నమ్మిన అధ్యక్షుడు ఉడ్రో విల్సన్, ఆ ఉచ్చారణకు తగిన వర్ణక్రమముతోనే కాగితములపై వ్రాసెడివాడు. అంతర్యుద్ధ కాలమున సైన్యమునకు బిస్కట్లు పంపిన వర్తకుని పొడి అక్షరములని మరియొక కథ. ఆ యుద్ధము 1861లో మొదలైనది. మాట అంతకు ఇరువదిరెండేండ్ల పూర్వమే అచ్చులో కనబడినది. బిస్కట్ల కథ అంతటితో సరి. తక్కినవానికి ధ్వనిసామ్యమే ఆధారము. 'మామ' యను పిలుపును పోలిన ధ్వని ఆంగ్లమునను కలదు. అక్కడ అది తల్లిని పిలుచుట!

ఈ చిక్కు విప్పినవారు కొలంబియా విశ్వవిద్యాలయాచార్యులు ఆలెన్ వాకర్ రీడ్. ఊహలను ప్రక్కకు నెట్టి, పాత పత్రికల సంచికలను తేదీల వారీగా తిరుగవేయుటయే ఆయన పద్ధతి. 1941లో ఆయన, ఈ మాట 1840 నాటి ఎన్నికల సంఘమొకదానినుండి వచ్చినదని వ్రాసిరి. పలువురు ఒప్పుకొనిరి. అయినను ఆయన వెదకుట మానలేదు. 1963, 64 సంవత్సరములలో ప్రకటించిన వ్యాసములలో తన సిద్ధాంతమును తానే సవరించుకొని, ఇంకొక యేడు వెనుకకు నడచిరి.

అచట దొరకినది 1839 మార్చి 23 నాటి బోస్టన్ మార్నింగ్ పోస్టు సంచిక. సంపాదకుడు చార్లెస్ గోర్డన్ గ్రీన్ ప్రావిడెన్సు నగర పత్రికను ఎగతాళి చేయుచు వ్రాసిన హాస్యరచనలో 'ఓ.కె.' కలదు; దాని ప్రక్కనే 'ఆల్ కరెక్ట్', అనగా అంతయు సరి, అని వివరణ కలదు. వివరణ అవసరమైనదనగా మాట అప్పటికి కొత్తదే.

'ఆల్ కరెక్ట్'కు పొడి అక్షరములు 'ఏ', 'సి' గదా, 'ఓ', 'కె' ఎట్లయ్యెను? ఆ రోజులలో బోస్టన్ పత్రికలవారికి పొడి అక్షరముల పిచ్చి పట్టినది. దానిపై మరియొక చమత్కారము చేర్చి, చదువురానివాడు విన్నది విన్నట్లు వ్రాసినట్లుగా మాటలను కావలెనని తప్పుగా వ్రాసి, ఆ తప్పుల మొదటి అక్షరములు తీసెడివారు. 'ఆల్ రైట్' ఈ విధముగా 'ఓ.డబ్ల్యు.' అయినది. 'నో యూస్'లో 'లేదు' అను 'నో'కు బదులు 'తెలియు' అను 'నో' వ్రాసి 'కె.వై.' అనిరి. 'అంతయు సరి' అను మాటలో ఒక్క అక్షరమును సరికాదు. నవ్వంతయు అందే యున్నది.

ఓ.డబ్ల్యు., కె.వై.లు మరుగైపోయినవి. ఓ.కె.కు మాత్రము అదృష్టము పట్టినది. 1840లో అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ తిరిగి పోటీకి నిలచెను. ఆయన స్వగ్రామము న్యూయార్కు రాష్ట్రములోని కిండర్‌హుక్. అనుచరులు ఆయనను 'ఓల్డ్ కిండర్‌హుక్' అని కీర్తించుచు ఓ.కె. క్లబ్బును స్థాపించిరి. ప్రతిపక్షులు 'క్యాష్'ను 'కె'తో వ్రాసి, ఓ.కె. అనగా 'ఔట్ ఆఫ్ క్యాష్', చేత కాసు లేదనుటయేయని వెక్కిరించిరి. మాజీ అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌కు వర్ణక్రమము రాదనియు, ఈ తప్పు ఆయనదేననియు పుకారు పుట్టించినదియు వారే. రాజకీయపు కొంటెతనమని మరచి, తరువాతివారు దానిని చరిత్రగా నమ్మిరి! వాన్ బ్యూరెన్ ఓడిపోయెను. ఇరుపక్షముల నోళ్లలో నానిన మాట నిలచినది.

1844లో వాషింగ్టన్, బాల్టిమోరుల నడుమ మోర్సు తంతితీగ పనిచేయనారంభించినది. తరువాత తంతి గుమాస్తాలు వార్త అందినదనుటకు ఈ రెండక్షరములనే వాడుక చేసిరి. హాస్యము ఆవిరై, పని మిగిలినది.

నేటి చరవాణి సందేశములలో యువకులు ఆ రెండింటిని సైతము పూర్తిగా వ్రాయుట లేదు. 'ఓ' జారిపోయి, పలుచోట్ల 'కె' ఒక్కటే మిగిలినది. సరిగా వ్రాసియుండినచో ఆ చోట 'సి' ఉండవలసినది.